హామ్ రేడియోలో ఎన్‌క్రిప్షన్: గొడవంతా 2003లో మారిన ఒక్క వాక్యం దగ్గరే

మెష్‌టాస్టిక్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే చిన్న లోరా పరికరాలు (మొబైల్ నెట్‌వర్క్ లేకుండానే తక్కువ పవర్‌తో సందేశాలను ఒకదాని నుంచి ఇంకోదానికి అందించుకుంటూ పోయేవి) జనం చేతుల్లోకి వచ్చాక పాత గొడవ మళ్ళీ లేచింది. హామ్ లైసెన్సు ఉన్నవాళ్ళు, అంటే వ్యాపారానికి కాకుండా అభిరుచి కోసం రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు, తమ సందేశాలను ఎన్‌క్రిప్ట్ చేయొచ్చా (కీ ఉన్నవాళ్ళే చదవగలిగేలా మార్చి పంపొచ్చా), చేయకూడదా? రేడియోలో రహస్యం నిషేధం, అంతే అని ఒకరంటే, ఈ రోజుల్లో ఎన్‌క్రిప్షన్ లేకుండా ఎవరు పంపుతారని ఇంకొకరు. నేరుగా 2003కి వస్తాను.

ఆ ఏడాది జెనీవాలో ప్రపంచ రేడియో సదస్సు జరిగింది. హామ్ లైసెన్సుకు మోర్స్ పరీక్ష పెట్టాలా వద్దా అన్నది ఆయా దేశాల ఇష్టానికి వదిలేసింది అక్కడే, చాలామందికి గుర్తున్నదీ అదే. కానీ అంతర్జాతీయ రేడియో నిబంధనల్లో హామ్‌లకు సంబంధించిన అదే 25వ ఆర్టికల్‌లో ఇంకో మార్పు జరిగింది. అంతకుముందు వేర్వేరు దేశాల హామ్‌లు మాట్లాడుకునేది మామూలు భాషలో ఉండాలని రాసి ఉండేది. దాని స్థానంలో, అర్థాన్ని మరుగుపరిచే ఉద్దేశంతో కోడ్ చేయకూడదు అని వచ్చింది. అంటే ఏ భాషలో పంపావన్న ప్రశ్న పోయి, ఎందుకలా పంపావన్న ప్రశ్న వచ్చింది. నా లెక్కలో ఈ తగవు మొత్తానికీ మూలం ఇదే. మోర్స్, క్యూ కోడ్‌లు (క్యూతో మొదలయ్యే మూడక్షరాల సంకేతాలు), ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో పంపే డిజిటల్ పద్ధతి) మామూలు చెవికి అర్థం కాకపోయినా వాటి పద్ధతి అందరి ముందూ ఉంది కాబట్టి తప్పు లేదు. సందేశానికి డిజిటల్ సంతకం (పంపింది ఎవరో రుజువు చేసే గుర్తు) పెట్టినా, సందేశం బయటికే ఉంటుంది కాబట్టి అదీ తప్పు కాదు. ఉపగ్రహాలకు భూమి నుంచి పంపే కంట్రోల్ సంకేతాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు, లేకపోతే ఎవరు పడితే వాళ్ళు ఉపగ్రహాన్ని ఆపేయగలరు.

ఆ వాక్యం దేశాల మధ్య సంభాషణకే వర్తిస్తుంది, లోపలి సంగతి ఆయా దేశాల ఇష్టం. అమెరికాలో రేడియో, టెలికాం వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ దేశం లోపల కూడా అదే నియమం పెట్టింది. 2013లో అక్కడ దీన్ని సడలించమని పిటిషన్ పడింది. విపత్తుల్లో రోగుల వివరాలు అందరికీ వినపడేలా పోతున్నాయి, అత్యవసర సేవల వరకైనా ఎన్‌క్రిప్షన్‌కు అనుమతివ్వండి అన్నది ఆ పిటిషన్ వాదన. అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ కూడా దాన్ని వ్యతిరేకించింది. హామ్ బ్యాండ్లకు (హామ్‌లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీలకు) కాపలా కాసేది ప్రధానంగా హామ్‌లే. డయల్ తిప్పుతూ వినే మనిషికి కాల్‌సైన్ (లైసెన్సుతో ఇచ్చే గుర్తింపు పేరు) తెలియాలి, ఏం నడుస్తోందో తెలియాలి, వ్యాపారం చొరబడితే పట్టుకోగలగాలి. మాట వినపడకపోతే ఆ కాపలా ఎవరు కాస్తారు? ఎన్‌క్రిప్షన్ లేనందువల్ల సహాయం ఆగిపోయిందని పిటిషన్ చూపించలేకపోయింది, సెప్టెంబర్‌లో ఎఫ్‌సీసీ దాన్ని కొట్టేసింది. అది సరైన నిర్ణయమనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

2019లో విన్‌లింక్ (హామ్ రేడియో ద్వారా ఈమెయిల్ పంపే వ్యవస్థ) మీద కూడా ఇదే చర్చ నడిచింది. షార్ట్‌వేవ్ మీద ఈమెయిల్‌ను కుదించి పంపుతుంటే, పక్కన వింటున్నవాడికి చదవడం కుదరకపోతే అది ఎన్‌క్రిప్షన్‌తో సమానమే కదా అని కొందరు అడిగారు. కుదింపు ఉద్దేశం దాచడం కాదని అవతలివాళ్ళ జవాబు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మెష్‌టాస్టిక్ దగ్గరికి వద్దాం. అమెరికాలో 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు లేనివాళ్ళూ, హామ్‌లూ ఒకే చోట ఉంటారు. లైసెన్సు లేనివాళ్ళు తక్కువ పవర్‌తో ఎన్‌క్రిప్షన్ వాడుకోవచ్చు. లైసెన్సు ఉన్న హామ్‌కు ఎక్కువ పవర్ కావాలంటే మెష్‌టాస్టిక్ యాప్‌లో హామ్ మోడ్ ఆన్ చేసి కాల్‌సైన్ పెట్టాలి, అప్పుడు ఎన్‌క్రిప్షన్ ఆఫ్ అవుతుంది. పరికరంలో ముందే పెట్టి ఉండే డిఫాల్ట్ ఛానెల్ కీ (సందేశాన్ని తెరిచే తాళంచెవి) ఏమో ఓపెన్ సోర్స్ కోడ్‌లో అందరికీ కనిపిస్తూనే ఉంది. తాళంచెవి గుమ్మానికే వేలాడుతుంటే దాచే ఉద్దేశం ఉందని ఎలా అంటామని కొందరు హామ్‌లు అడుగుతున్నారు, 2003 వాక్యం ప్రకారం అది న్యాయమైన ప్రశ్నే. ప్రైవేట్ ఛానెళ్ళకు, నేరుగా ఒకరికే పంపే సందేశాలకు మాత్రం ఆ వాదన నిలవదు. ఈలోగా, హామ్ మోడ్ పెట్టుకున్న పరికరం పక్కింట్లో డిఫాల్ట్ కీతో నడిచే పరికరంతో మాట్లాడలేకపోతోంది.