మెర్కెల్ సెల్ కార్సినోమా: ఆ పేరు ఎలా వచ్చింది, ఎంతవరకు సరైంది?

పెద్ద వయసు మనిషికి చెంప మీదో కనురెప్ప మీదో ఎర్రగా, కాస్త ఊదారంగులో ఒక బుడిపె లేస్తుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. ఏ నీటి తిత్తో అనుకుని ఊరుకుంటారు. కానీ అది మెర్కెల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ కావచ్చు. డాక్టర్లు కూడా అలాగే పొరబడతారు. 2008లో అమెరికాలో 195 మంది రోగుల వివరాలు పరిశీలిస్తే, బయాప్సీకి ముందు సగానికి పైగా గడ్డలను ప్రమాదం లేనివిగానే భావించారని తేలింది. అదే నాకు అన్నిటికంటే టెన్షన్ కలిగించే విషయం. ఎందుకంటే ఇది వారాల్లో పెరిగిపోయి, లింఫ్ గ్రంథులకు పాకే జబ్బు. 2023 సెప్టెంబరులో అమెరికన్ గాయకుడు జిమ్మీ బఫెట్‌ను బలి తీసుకున్నదీ ఇదే.

పేరు వెనక ఉన్నది జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ మెర్కెల్. పెంపుడు జంతువుల, మనుషుల చర్మంలో నరాల కొసలకు ఆనుకుని ఉన్న కొన్ని కణాలను ఆయన 1875లో వర్ణించి, వాటిని 'స్పర్శ కణాలు' అన్నాడు. క్యాన్సర్ ఊసే ఆయన ఎత్తలేదు. దాదాపు వందేళ్ల తర్వాత, 1972లో, సిరిల్ టోకర్ అనే పాథాలజిస్ట్ (కణజాలాన్ని పరీక్షించి జబ్బు తేల్చే డాక్టర్) ఐదుగురు రోగుల గడ్డల గురించి రాశాడు. కణాలు పట్టీలు పట్టీలుగా అమరి ఉన్నాయని దానికి 'ట్రబెక్యులర్ కార్సినోమా' అని పేరు పెట్టాడు. స్వేద గ్రంథుల నుంచి పుట్టి ఉంటుందని ఆయన ఊహ. 1978లో టాంగ్, టోకర్ అలాంటి గడ్డలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే, కణాల్లో నల్లటి నడిబొడ్డున్న సన్నని రేణువులు కనిపించాయి. మామూలు చర్మంలో అలాంటివి ఉండేది మెర్కెల్ కణాల్లోనే. 1980 నుంచి 'మెర్కెల్ సెల్' అనే పేరు వాడుకలోకి వచ్చింది. అంటే పోలికను బట్టి పెట్టిన పేరే తప్ప, పుట్టుక తెలిసి పెట్టింది కాదు.

ప్రతి గడ్డకూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఎక్కడ దొరుకుతుంది? రోజూ వాడే హెచ్ అండ్ ఈ (నీలం, గులాబి రంగులు వేసిన) స్లైడ్ మీద ఈ కణాలు చిన్నగా, గుండ్రంగా, నీలంగా కనిపిస్తాయి. ఒక్కో కణంలో కేంద్రకమే అంతా నిండి ఉంటుంది, ఎక్కడ చూసినా విభజన జరుగుతూనే ఉంటుంది. చిక్కేమిటంటే లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) కూడా అలాగే ఉండవచ్చు. ఊపిరితిత్తుల స్మాల్ సెల్ క్యాన్సర్ చర్మానికి పాకినా అలాగే ఉంటుంది. మూడింటికీ చికిత్స వేరు. ఈ చిక్కు విప్పింది 1990లలో వచ్చిన సీకే20 పరీక్ష, అంటే కణంలో ఆ పేరున్న ప్రొటీన్‌ను రంగుతో పట్టే పరీక్ష. ఆ రంగు (స్టెయిన్) వేశాక, కేంద్రకం పక్కనే చిన్న గోధుమరంగు చుక్క తేలుతుంది, బొట్టు పెట్టినట్టు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో సాధారణంగా కనిపించే టీటీఎఫ్-1 అనే మరో ప్రొటీన్ ఇక్కడ మామూలుగా ఉండదు. ఈ రెండూ కలిస్తే పాథాలజిస్ట్ ధైర్యంగా రిపోర్ట్ రాయగలడు.

2008లో కథ మలుపు తిరిగింది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో హుయిచెన్ ఫెంగ్, మసాహిరో షుడా, యువాన్ చాంగ్, ప్యాట్రిక్ మూర్ గడ్డల్లోని లక్షల జన్యు సందేశాలను చదివి, అందులోంచి మనిషివన్నీ తీసేశారు. మిగిలినవాటిలో అంతవరకు ఎవరూ చూడని ఒక పాలియోమా వైరస్ (చిన్న డీఎన్‌ఏ వైరస్‌ల కుటుంబానికి చెందినది) జాడ బయటపడింది. 10 గడ్డల్లో 8 గడ్డల్లో అది ఉంది. ఆ 8లో ఆరింటిలో అయితే వైరస్ డీఎన్‌ఏ గడ్డలోని కణాలన్నిటిలోనూ ఒకే చోట అతుక్కుని ఉంది. అంటే గడ్డ పెరగడం మొదలవక ముందే వైరస్ లోపలికి చేరింది. అప్పటిదాకా ఎండ, వయసు, తగ్గిన రోగనిరోధక శక్తి అని మాత్రమే చెప్పుకున్న జబ్బుకు ఇంత స్పష్టమైన ఆధారం దొరకడం గొప్ప విషయం. ఈ వైరస్ చాలామంది ఆరోగ్యవంతుల చర్మం మీద ఉండేదే, దాని వల్ల వాళ్లకు ఏమీ కాదు. వైరస్ లేని గడ్డల్లో మాత్రం అతినీలలోహిత కిరణాలు చేసిన జన్యు మార్పులు కుప్పలుగా ఉంటాయి. తెల్లచర్మం వాళ్లలో ఈ జబ్బు ఎక్కువ. మన దేశంలో చాలా అరుదు.

వైరస్ ఉన్నవీ లేనివీ, రెండు రకాల గడ్డలూ ఇమ్యునోథెరపీకి (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్సకు) స్పందించగలవు. పాకిపోయిన దశకు తొలి మందుగా అవెల్యుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుకు 2017 మార్చిలో అమెరికా అనుమతి వచ్చింది.

పుట్టుక సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ఎదిగిన మెర్కెల్ కణాలు పైచర్మం అడుగున ఉంటాయి, దాదాపుగా విభజన చెందవు. గడ్డేమో ఎక్కువగా దాని కింది పొరలో పెరుగుతుంది, చాలాసార్లు పైచర్మాన్ని తాకనైనా తాకదు. అందుకే కొందరు పైచర్మపు మూలకణాలను, కొందరు కింది పొరలోని ఫైబ్రోబ్లాస్ట్‌లను (చర్మానికి ఆధారంగా ఉండే పీచు కణాలను), మరికొందరు బీ కణాల (ఒక రకం తెల్ల రక్తకణాల) పూర్వరూపాలను అనుమానిస్తున్నారు. రిపోర్టుల్లో మాత్రం ఇప్పటికీ మెర్కెల్ పేరే రాస్తున్నారు.