బ్రౌజర్‌కు పని అప్పగిస్తే పేజీ వేగంగా వస్తుందా?

"సర్వర్ మీద భారం ఎక్కువైంది, పేజీ తయారీ అంతా బ్రౌజర్‌కే వదిలేస్తే సైటు పరుగెడుతుంది కదా" అన్న ప్రశ్న నాకు నెలకు ఒకసారైనా ఎదురవుతుంది. అడిగేవారి డబ్బును, సమయాన్ని ఎక్కువగా మింగే అపోహ ఇదే.

సర్వర్ పంపే హెచ్‌టీఎంఎల్ (పేజీలోని విషయాన్ని, దాని అమరికను చెప్పే కోడ్) ఇంకా అందుతూ ఉండగానే బ్రౌజర్ దానిని తెరపై చూపడం మొదలుపెడుతుంది. తయారీని పూర్తిగా బ్రౌజర్‌కు మారిస్తే మొదట వచ్చేది దాదాపు ఖాళీ పేజీ. ఆపైన జావాస్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామ్ కోడ్) దిగాలి, ఫోను దానిని చదివి నడపాలి, అది సమాచారం కోసం మళ్లీ సర్వర్‌ను అడగాలి, ఆ జవాబు చేరాకే అసలు విషయం కనిపిస్తుంది. 2010లో ఈ దారి పట్టిన ట్విటర్, 2012లో తయారీని తిరిగి సర్వర్‌కు తెచ్చుకుని, మొదటి లోడు సమయం ఐదో వంతుకు తగ్గిందని తానే ప్రకటించింది.

నేనూ ఈ తప్పు చేసినవాడినే. మేము తయారుచేసిన ఒక దరఖాస్తు పేజీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రెప్పపాటులో తెరుచుకునేది. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు మా పిన్ని తన పాత ఫోనులో దానిని తెరిచి, "ఏమీ రాలేదురా, తెల్లగా ఉంది" అంది. పక్కన కూర్చుని పద్నాలుగు అంకెలు లెక్కపెట్టాక గానీ ఫారం రాలేదు. తీరా చూస్తే, పుట్టిన తేదీ ఒక్కటి చూపడానికి ప్రపంచ భాషలన్నింటి నెలల పేర్లున్న లైబ్రరీని (ఇతరులు ముందే రాసిపెట్టిన కోడ్ మూటను) మొత్తంగా పంపుతున్నాము.

బ్రౌజర్‌లో తయారైన పేజీని గూగుల్ చూడనే చూడదన్నది వట్టి పుకారు. అది జావాస్క్రిప్ట్‌ను నడుపుతుంది, కాకపోతే ఆలస్యం కావచ్చు. సర్వర్ ఖర్చు పూర్తిగా పోతుందన్నదీ నిజం కాదు, సమాచారం అక్కడినుంచే రావాలి. నింపిన వివరాల తనిఖీ బ్రౌజర్‌లో ఉంది కనుక సర్వర్‌లో అక్కరలేదని వాదించేవారితో నేను వాదించను: బ్రౌజర్‌లోని కోడ్‌ను, అది సర్వర్‌కు పంపే ధరను, ఎవరైనా మార్చగలరు.

ఇప్పటికే రియాక్ట్‌లో (బ్రౌజర్‌లో పేజీలు తయారుచేయడానికి ఎక్కువగా వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) సైటు కట్టుకున్నవారు కంగారుపడనవసరం లేదు. రోజంతా తెరిచి ఉంచే మెయిల్, మ్యాపుల వంటి వాటికి బ్రౌజరే సరైన చోటు. మిగిలినవాటిలో తొలి తెరను సర్వర్‌లో తయారుచేసి పంపితే చాలావరకు సరిపోతుంది. మేమూ అంతే చేశాము: ఆ లైబ్రరీని తీసేసి, ఫారాన్ని హెచ్‌టీఎంఎల్‌గా పంపి, రుసుము లెక్క చూపడం మాత్రమే బ్రౌజర్‌కు ఉంచి, తుది లెక్కను సర్వర్‌లోనే కట్టాము. పిన్ని ఫోనులో ఈసారి మూడు అంకెలు లెక్కపెట్టేలోపే ఫారం వచ్చింది.