మూలలు అరగకుండా గెయిన్ తగ్గించడం ఎలా?

ఎలక్ట్రానిక్స్ చదువుతున్న ఒక కుర్రాడు ఈమధ్య నన్ను ఇలా అడిగాడు: "సార్, రేడియోలో వాల్యూమ్ తగ్గించడానికి ఒక్క పొటెన్షియోమీటర్ సరిపోతుంది కదా. ఆసిలోస్కోప్ యాంప్లిఫయర్‌లో గెయిన్ మార్చడానికి మాత్రం అన్ని ట్రాన్సిస్టర్లు ఎందుకు?"

ఆసిలోస్కోప్ అంటే సిగ్నల్ ఆకారాన్ని తెర మీద గీసి చూపే పరికరం, గెయిన్ అంటే యాంప్లిఫయర్ ఆ సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఒక వైడ్‌బ్యాండ్ యాంప్లిఫయర్ ముందు 10 కిలో ఓమ్‌ల పాట్ (పొటెన్షియోమీటర్) పెట్టి, 1 మెగాహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ (చదరపు మూలల అల) ఇచ్చి తెర మీద చూశాను. నాబ్ పూర్తిగా పైకి తిప్పినప్పుడు మూలలు పదునుగా ఉన్నాయి. సగానికి తెచ్చేసరికి అరిగిన సబ్బుబిళ్లలా గుండ్రబడ్డాయి. ఇంకా కిందికి తిప్పితే అల చిన్నదైంది గానీ మూలలు మళ్లీ పదునెక్కాయి! టంకంలో ఏదో తేడా ఉందని ఆ రోజంతా ఒక్కో అతుకూ వెతికాను. తేడా టంకంలో లేదు.

పాట్ సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు పైన 5 కిలో ఓమ్‌లు, కింద 5 కిలో ఓమ్‌లు. యాంప్లిఫయర్ వైపు నుంచి చూస్తే ఈ రెండూ సమాంతరంగా (ప్యారలల్‌గా) కలిసినట్టే, అంటే 2.5 కిలో ఓమ్‌లు. యాంప్లిఫయర్ ఇన్‌పుట్ దగ్గర, వైర్ల దగ్గర మనం పెట్టకపోయినా ఉండే కెపాసిటెన్స్ ఒక 10 పికోఫారడ్‌లు అనుకోండి. ఈ రెండూ కలిసి సుమారు 6.4 మెగాహెర్ట్జ్ దగ్గర గేటు వేసేస్తాయి, అంటే అంతకన్నా వేగమైన అలలు నీరసిస్తాయి. అల పైకి లేవడానికే 55 నానోసెకన్లు పడుతుంది. పాట్‌ని ఏ చివరికి తిప్పినా ఆ 2.5 కిలో ఓమ్‌లు సున్నాకి దగ్గరవుతాయి, గేటు తెరుచుకుంటుంది. నేను గెయిన్ మారుస్తున్నాననుకుంటూ బ్యాండ్‌విడ్త్ (ఎంత వేగమైన అలల దాకా దాటనిస్తుందన్న హద్దు) కూడా మార్చేస్తున్నాను. చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటి అక్కర్లేదు కాబట్టి రేడియో వాల్యూమ్‌లో ఈ గొడవ బయటపడదు.

సరే, పాట్ వద్దు, ట్రాన్సిస్టర్‌లో పారే కరెంటునే తగ్గిద్దాం అనిపిస్తుంది. ట్రాన్సిస్టర్ ఎమిటర్ (కరెంటు పారే కాళ్లలో ఒకటి) లోపలి నిరోధం 26 మిల్లీవోల్టులను కరెంటుతో భాగిస్తే వస్తుంది. 1 మిల్లీయాంప్ దగ్గర 26 ఓమ్‌లు, 0.1 మిల్లీయాంప్ దగ్గర 260. కరెంటు పదో వంతు చేస్తే గెయిన్ కూడా దాదాపు పదో వంతు అవుతుంది. 1920ల్లో హెరాల్డ్ వీలర్ రేడియోకి ఆటోమేటిక్ వాల్యూమ్ కంట్రోల్ కనిపెట్టింది ఈ దారిలోనే. డిటెక్టర్ (రేడియో అలలోంచి శబ్దాన్ని వెలికితీసే భాగం) నుంచి వచ్చే వోల్టేజిని వెనక్కి తెచ్చి, ట్యూబుల్లో కరెంటుని అదుపు చేసే గ్రిడ్‌లకు ఇచ్చాడు. కానీ రేడియోలో ఒక దశ నుంచి ఇంకో దశకు ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా అల మాత్రమే వెళుతుంది, నిలకడ వోల్టేజి వెళ్లదు. ఆసిలోస్కోప్ సున్నా హెర్ట్జ్ నుంచీ చూపించాలి. అక్కడ కరెంటు మారిస్తే తెర మీద గీత మొత్తం పైకో కిందికో జరిగిపోతుంది. పైగా కరెంటు బాగా తగ్గిన ట్రాన్సిస్టర్ వేగం కూడా తగ్గుతుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉపాయం దగ్గరకి వద్దాం. ఒక కాలువ నిండుగా పారుతోంది, నీటి మీద చిన్న అలలు ఉన్నాయి. నీరు కరెంటు, అలలు సిగ్నల్. అలలు చిన్నవి కావాలి. ఎగువన షట్టర్ దించితే కాలువ అంతా మారిపోతుంది. అందుకని ఎగువను ముట్టుకోకుండా, దిగువన కాలువని రెండు పాయలుగా చీల్చి, ఒక పాయని పొలానికి, ఇంకోదాన్ని మురుగుకాలువకి పంపుతాం. చీలిక దగ్గరి పలకని అటూ ఇటూ జరిపితే పొలానికి వచ్చే నీరూ, దాని మీది అలలూ కలిసి తగ్గుతాయి. ఎగువన పారుదల మాత్రం మారదు.

ట్రాన్సిస్టర్లలో ఈ చీలిక అంటే ఎమిటర్లు కలిపిన రెండు ట్రాన్సిస్టర్లు. వాటి బేస్‌ల (కరెంటుని అదుపు చేసే కాళ్ల) మధ్య ఇచ్చే చిన్న వోల్టేజే పలక. కింద నుంచి వచ్చే కరెంటుకి ఎదురయ్యేది 1 మిల్లీయాంప్ దగ్గర ఆ 26 ఓమ్‌లే. అక్కడ 2 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉన్నా గేటు పడేది 3 గిగాహెర్ట్జ్ దగ్గర. నా పాట్‌తో వచ్చిన 6.4 మెగాహెర్ట్జ్‌తో పోల్చి చూడండి! పైగా ముందు ప్యానెల్ మీది నాబ్ దాకా వెళ్లే వైరులో సిగ్నల్ ఉండదు, నిలకడ వోల్టేజి మాత్రమే ఉంటుంది. ఆ వైరు ఎంత పొడుగున్నా పర్వాలేదు.

ఒక చిక్కు మిగిలింది. కాలువలో నీరు 10 పాళ్లు, అల ఒక పాలు అనుకుందాం. అంటే నీరు 9 నుంచి 11 మధ్య ఊగుతోంది. 70 శాతం పొలానికి పంపితే అల 0.7 అయింది, బాగానే ఉంది. కానీ నీటిమట్టం కూడా 10 నుంచి 7కి పడిపోయింది. గీత మళ్లీ జారింది.

దీనికి పక్కనే ఇంకో కాలువ తవ్వుతాం. అందులోనూ నీరు 10 పాళ్లే, అల మాత్రం తలకిందులుగా ఉంటుంది: ఇక్కడ 11 ఉన్న క్షణంలో అక్కడ 9. రెండో చీలికని మొదటిదానికి అడ్డంగా కలుపుతాం. మొదటి కాలువలో 70 శాతం, రెండో కాలువలో 30 శాతం ఎడమ పొలానికి వస్తాయి. 11లో 70 శాతం 7.7, తొమ్మిదిలో 30 శాతం 2.7, మొత్తం 10.4. మిగిలినవి ఈసారి మురుగుకి కాకుండా కుడి పొలానికి వెళతాయి: 3.3, 6.3 కలిసి 9.6. మట్టం పదే, అల 0.4! పలకని సరిగ్గా మధ్యకి తెస్తే 5.5, 4.5 కలిసి కచ్చితంగా 10. అల మాయం, మట్టం కదల్లేదు. 30 శాతానికి తిప్పితే 9.6, అంటే అల తలకిందులైంది. కాలేజీలో దీన్ని గిల్బర్ట్ సెల్ పేరుతో, హైపర్బోలిక్ సూత్రాలతో మొదలుపెట్టి చెబుతారు. ముందు ఈ కూడికలు బోర్డు మీద వేయిస్తే పిల్లలకి సూత్రం దానంతటదే వస్తుందని నా గట్టి నమ్మకం.

ఆసిలోస్కోప్‌లు చేసే టెక్‌ట్రానిక్స్‌లో పనిచేస్తూ బ్యారీ గిల్బర్ట్ 1968లో ప్రచురించిన పత్రంలో, ఈ అల్లికతో నానోసెకనులోపే స్పందించే గుణకాన్ని (రెండు సిగ్నళ్లని గుణించే సర్క్యూట్‌ని) చూపించాడు. ఇదే తరహా అల్లికకి హోవర్డ్ జోన్స్ 1963లోనే పేటెంట్ దరఖాస్తు చేశాడు. ఆయన పేరు కూడా తరగతిలో చెప్పాలి.

పలక ఎంత తేలిగ్గా కదులుతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. బేస్‌ల మధ్య 18 మిల్లీవోల్టుల తేడా ఇస్తే ఒక పాయ ఇంకోదానికి రెట్టింపవుతుంది, 60 ఇస్తే పదింతలు. ఒక్క చీలికే ఉండి, నీరు చాలావరకు మురుగుకి పోతున్నప్పుడు ప్రతి 3 మిల్లీవోల్టులకీ గెయిన్ ఒక డెసిబెల్ తగ్గుతుంది (20 డెసిబెల్‌లంటే పదింతల తేడా). వోల్టేజి సమానంగా పెంచుకుంటూ పోతే గెయిన్ డెసిబెల్‌లలో సమానంగా మారడం చాలా విలువైన గుణం. కాకపోతే ఆ 3 మిల్లీవోల్టులు వేడితో పాటు పెరుగుతాయి, డిగ్రీకి మూడో వంతు శాతం చొప్పున. దాన్ని సరిదిద్దడానికి వేరే సర్క్యూట్ పెట్టాలి.

ఆ గుణం అక్కరకొచ్చేది అల్ట్రాసౌండ్ స్కాన్‌లో. మెత్తటి కణజాలంలో శబ్దం సెంటీమీటరుకి, మెగాహెర్ట్జ్‌కి సుమారు అర డెసిబెల్ నీరసిస్తుంది. 5 మెగాహెర్ట్జ్ శబ్దం 10 సెంటీమీటర్ల లోతుకి పోయి రావాలంటే 20 సెంటీమీటర్ల ప్రయాణం, 50 డెసిబెల్‌ల నష్టం. అంటే ప్రతిధ్వని 300 రెట్లకు పైగా బలహీనపడుతుంది. సెకనుకి 1540 మీటర్ల వేగంతో ఆ ప్రయాణానికి పట్టేది 130 మైక్రోసెకన్లు. ఆ కాస్త వ్యవధిలో గెయిన్ 50 డెసిబెల్‌లు పెరగాలి, ప్రతి పల్స్‌కీ మళ్లీ మొదటినుంచి.

ఇక్కడ నా అడ్డ కాలువలు ఓడిపోతాయి. అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి గానీ, పై ట్రాన్సిస్టర్లు పుట్టించే రొద (నాయిస్) కొట్టేసుకోదు, కూడుతుంది. అందుకే గిల్బర్ట్ తర్వాత అనలాగ్ డివైసెస్‌లో ఇంకో దారి పట్టాడు. ఏడీ603 అనే చిప్‌లో సిగ్నల్ ముందుగా నిరోధకాల నిచ్చెన దిగుతుంది. ఏడు మెట్లు, మెట్టుకి సగం, అంటే 6.02 డెసిబెల్‌లు, మొత్తం 42.14. దాని ఇన్‌పుట్ నిరోధం 100 ఓమ్‌లే కాబట్టి దారితప్పిన పికోఫారడ్‌లు ఏమీ చేయలేవు. తర్వాత ఉండే యాంప్లిఫయర్ గెయిన్ అసలు మారదు. అందుకే నిచ్చెన మీద ఎక్కడున్నా బ్యాండ్‌విడ్త్ 90 మెగాహెర్ట్జ్. మెట్టు నుంచి మెట్టుకి ఎగిరి దూకినట్టు కాకుండా, ఒక మెట్టు దగ్గరి ట్రాన్సిస్టర్ల జత నుంచి కరెంటుని మెల్లగా పక్క మెట్టు జతకి మళ్లిస్తారు. మళ్లీ అదే పాయల చీలిక! ఈసారి చీలేది సిగ్నల్ కాదు, ఏ మెట్టుని వినాలో చెప్పే కరెంటు.

యాంప్లిఫయర్ మారదు కాబట్టి దాని రొద కూడా మారదు. నిచ్చెన అడుగున వింటున్నప్పుడు సిగ్నల్‌తో పోలిస్తే రొద ఎక్కువే. కానీ అప్పుడు వచ్చేవి చర్మం దగ్గరి బలమైన ప్రతిధ్వనులు, వాటిని అది చెడగొట్టలేదు. 130వ మైక్రోసెకనుకి లోతుల్లోంచి అతి సన్నటి ప్రతిధ్వని వచ్చేసరికి యాంప్లిఫయర్ నిచ్చెన పై మెట్టు నుంచి, మధ్యలో ఏ నిరోధకమూ లేకుండా, నేరుగా వింటూ ఉంటుంది.