ముత్తవ్వ వేషంలో మునిమనవరాలు: మెక్సికన్ అమెరికన్ ఫొటోల వెనక కథ

లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన ఫొటోగ్రాఫర్ క్రిస్టీనా ఫెర్నాండెజ్ 1995-96లో తన ముత్తవ్వ మరీయా బతుకుని ఆరు ఫొటోల్లో చెప్పారు. ఎవరో నటిని పెట్టుకోలేదు. తనే మరీయా వేషం కట్టి కెమెరా ముందు నిలబడ్డారు. 1910లో మెక్సికోలోని మోరేలియా విడిచి బయల్దేరడం. 1919లో కొలరాడో రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్. 1927లో తిరిగి మోరేలియాకు ప్రయాణం. 1930లో ఆరిజోనాలో, ఫీనిక్స్ శివార్లలో పంట సరుకు మోత. 1945లో లాస్ ఏంజెలెస్ బోయిల్ హైట్స్‌లోని అలీసో విలేజ్ అనే ప్రభుత్వ గృహసముదాయం. 1950లో సాన్ డియేగో. పక్కనే ఈ తిరుగుడంతా గీసి చూపించే ఒక మ్యాపు. ఏ ఏడాది ఫొటో ఆ ఏడాది తీసినట్టే కనిపిస్తుంది.

దీనికి ఆమె పెట్టిన పేరు ‘మరీయాస్ గ్రేట్ ఎక్స్‌పెడిషన్’, అంటే మరీయా మహాయాత్ర. కొత్త నేలలు కనిపెట్టామని చెప్పుకునే సాహసయాత్రికులకే చరిత్ర పుస్తకాలు ఇలాంటి పేర్లు పెడతాయి. పిల్లల్ని పెంచుకుంటూ, పని ఎక్కడ దొరికితే అక్కడికి మూట సర్దుకుని వెళ్లిన ఆడమనిషికి పెట్టవు. నవ్వుతూ అంటించిన చురక అది. కానీ సొంత ముత్తవ్వ కథకి మునిమనవరాలే వేషం కట్టాల్సిన అవసరం ఎందుకొచ్చింది? దానికి చాలా వెనక్కి వెళ్లాలి.

టెక్సాస్, కాలిఫోర్నియా అంటే మన తెలుగువాళ్లకి ఇవాళ డాలస్, ఫ్రీమాంట్, హెచ్1బీ గుర్తొస్తాయి. నూట ఎనభై ఏళ్ల కింద కాలిఫోర్నియా మెక్సికోది. టెక్సాస్ తను వేరుపడ్డానని చెప్పుకున్నా మెక్సికో ఒప్పుకోలేదు. సాన్ ఆంటోనియో, లాస్ ఏంజెలెస్, ఎల్ పాసో అన్నీ స్పానిష్ పేర్లే. 1846లో అమెరికాకీ మెక్సికోకీ యుద్ధం మొదలైంది. 1848 ఫిబ్రవరి 2న గ్వాడలూప్ ఇడాల్గో ఒప్పందంతో ముగిసింది. టెక్సాస్‌తో కలిపి లెక్కేస్తే మెక్సికో తన నేలలో సగానికి పైగా పోగొట్టుకుంది. అమెరికా ఇచ్చింది ఒకటిన్నర కోట్ల డాలర్లు. ఆ నేల మీద అప్పటికే కాపురాలున్నవాళ్లు 80 వేల నుంచి లక్ష మంది దాకా ఉంటారని అంచనా. కావాలంటే మెక్సికోకి వెళ్లిపోవచ్చు, ఉండిపోతే అమెరికా పౌరులు కావచ్చు, తేల్చుకోవడానికి ఏడాది గడువు అన్నారు. ఎక్కువమంది ఉండిపోయారు. మెక్సికో పాత ప్రభుత్వాలు ఇచ్చిన భూమి పట్టాలు చెల్లుతాయని హామీ ఇచ్చే పదో అధికరణాన్ని అమెరికా సెనేట్ కొట్టేసింది. ఆ తర్వాత కోర్టుల చుట్టూ తిరిగి పొలాలు పోగొట్టుకున్న కుటుంబాలు ఎన్నో. ‘మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది’ అనే మాట మెక్సికన్ అమెరికన్లు ఊరేగింపుల్లో ఊరికే అనరు.

ఈ సరిహద్దు కథలోకి కెమెరా యుద్ధంతో పాటే వచ్చింది. అమెరికా సైన్యం పట్టుకున్న సాల్టిల్యో పట్టణంలో 1847 ప్రాంతంలో తీసిన డాగెరోటైప్‌లు, అంటే వెండి పూత రేకు మీద పడే తొలినాటి ఫొటోలు, ప్రపంచంలో మిగిలిన మొదటి యుద్ధ ఛాయాచిత్రాల్లో ఉన్నాయి. ఆ తర్వాత వచ్చింది సర్వే కెమెరా. 1890లలో రెండు దేశాల కమిషన్ ఎల్ పాసో నుంచి పసిఫిక్ ఒడ్డు దాకా 258 సరిహద్దు స్తంభాలు వరసగా నిలబెట్టి, ఒక్కోదానికీ ఫొటో తీయించింది. ఎడారి, ముళ్ల పొదలు, మధ్యలో ఒక స్తంభం. మనిషి కనిపించినా స్తంభం ఎత్తు తెలియడానికి నిలబెట్టినట్టే ఉంటాడు.

ఇంతకంటే పాడు కెమెరా ఇంకోటుంది. 1910లో మెక్సికోలో విప్లవం మొదలవగానే సరిహద్దు ఊళ్లలో ఫొటో పోస్టుకార్డుల వ్యాపారం ఊపందుకుంది. టెక్సాస్ బ్రౌన్స్‌విల్‌లో రాబర్ట్ రన్యన్ అనే ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. 1915 ఆగస్టులో నోరియాస్ అనే పశుక్షేత్రం మీద దాడి జరిగాక అతను తీసిన ఫొటో ఒకటి బాగా అమ్ముడుపోయింది. టెక్సాస్ రేంజర్లు, అంటే ఆ రాష్ట్ర పోలీసు దళం వాళ్లు, గుర్రాల మీద కూర్చుని, చనిపోయిన మెక్సికన్లకి పలుపుతాళ్లు కట్టి, కెమెరా వైపు చూస్తున్న ఫొటో. దాని వెనక నాలుగు ముక్కలు రాసి, స్టాంపు అంటించి, చుట్టాలకి పోస్టు చేసేవాళ్లు. ఆ ఏళ్లలో దక్షిణ టెక్సాస్‌లో విచారణ లేకుండా చంపేసిన మెక్సికన్లు వందల్లో ఉంటారని కొందరు చరిత్రకారులు, వేలల్లో అని కొందరు అంటారు. 1919లో టెక్సాస్ శాసనసభలో హొసే టి. కనాలెస్ పట్టుబట్టి రేంజర్ల మీద విచారణ జరిపించాడు. రన్యన్ సంగతికొస్తే, తర్వాత ఆ ఊరికి మేయరయ్యాడు, నాగజెముడు మొక్కల మీద పరిశోధన చేసి పేరు తెచ్చుకున్నాడు. అదే చెయ్యి, అదే కన్ను. ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది.

ఆ పోస్టుకార్డులకి జవాబు దొరకడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. కెన్ గొంజాలెస్-డే అనే లాస్ ఏంజెలెస్ కళాకారుడు కాలిఫోర్నియాలో జరిగిన మూకహత్యల రికార్డులు తవ్వి 350కి పైగా కేసులు బయటికి తీశారు. వాటిలో బలైనవాళ్లు ఎక్కువగా మెక్సికన్లు, స్థానిక ఆదివాసీలు, చైనీయులు. 2002లో ‘ఇరేజ్డ్ లించింగ్’ వరస మొదలుపెట్టారు. పాత పోస్టుకార్డు తీసుకుంటారు. అందులోంచి శవాన్నీ, తాడునీ చెరిపేస్తారు. చెట్టు మిగులుతుంది, చుట్టూ గుమిగూడిన జనం మిగులుతారు. ఇక చూడ్డానికి వాళ్ల మొహాలే దొరుకుతాయి.

1930 జనాభా లెక్కల్లో అమెరికా ‘మెక్సికన్’ని ఒక జాతిగా రాసింది. పదేళ్లకి తీసేసింది. ఈ మధ్యలోనే ఆర్థిక మాంద్యం వచ్చి, ఉద్యోగాలు మీరే తినేస్తున్నారంటూ లక్షల మందిని రైళ్లెక్కించి మెక్సికో పంపారు. వాళ్లలో సగానికి పైగా అమెరికాలో పుట్టిన పౌరులేనని అంచనాలున్నాయి. దీనికి కాలిఫోర్నియా రాష్ట్రం అధికారికంగా క్షమాపణ చెప్పింది 2005లో. ఇల్లు ఖాళీ చేసి హడావుడిగా వెళ్లే కుటుంబం మంచాలూ గిన్నెలూ వదిలేస్తుంది. ఆల్బమ్‌ని మోసుకెళ్లినవాళ్లెందరో, వదిలేసినవాళ్లెందరో.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో పొలాల్లో కూలీలు కావాల్సొచ్చి మళ్లీ రమ్మన్నారు. 1942 నుంచి 1964 దాకా నడిచిన బ్రసేరో పథకంలో దాదాపు 46 లక్షల పని ఒప్పందాలు జరిగాయి. లెనార్డ్ నాడెల్ అనే ఫొటోగ్రాఫర్ 1956లో ఈ కూలీల వెంట తిరిగాడు. టెక్సాస్ ఇడాల్గోలో తీసిన ఒక ఫొటోలో, ముఖానికి మాస్కు కట్టుకున్న ఉద్యోగి వరసలో బట్టల్లేకుండా నిలబడ్డ మగవాళ్ల మీద డీడీటీ పొడి కొడుతుంటాడు. నాడెల్ దయలేని మనిషి కాదు, ఇదేం పద్ధతని అడగడానికే ఆ ఫొటో తీశాడు. అయినా అందులో ఉన్నవాళ్లెవరూ ఆ ఫొటో తెచ్చి ఇంట్లో గోడకి తగిలించుకోరు.

ఈ పథకంలో ఇంకో చిన్న సంగతుంది. మొదటి ఏళ్లలో కూలీల జీతంలో పదో వంతు పట్టుకుని పొదుపు ఖాతాలో వేస్తామన్నారు. చాలామందికి అది తిరిగి రాలేదు. చివరికి 2008లో కోర్టు రాజీలో మెక్సికో ప్రభుత్వం ఒక్కొక్కరికి 3,500 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. కానీ ఆ రోజుల్లో పని చేసినట్టు కాగితం చూపించాలి. అరవై ఏళ్ల కింద పెట్టెలో దాచిన గుర్తింపు కార్డు ముక్కకి ఒక్కసారిగా విలువొచ్చింది.

ఇళ్లల్లో మాత్రం ఇంకో రకం ఫొటోలుండేవి. మెక్సికోలోనూ, సరిహద్దుకి ఇవతలా దశాబ్దాల పాటు నడిచిన ‘ఫోతోఎస్కుల్తూరా’ నాకు వీటన్నిట్లో ఇష్టమైనది. సేల్స్‌మన్ ఇంటింటికీ తిరిగి ఆర్డర్లు పట్టేవాడు. పోయిన తండ్రిదో, సైన్యంలోకి వెళ్లిన కొడుకుదో ఉన్న ఒక్క ఫొటో అతని చేతిలో పెట్టేవాళ్లు. అది మెక్సికో సిటీ వర్క్‌షాపుకి వెళ్లేది. అక్కడ దాన్ని పెద్దది చేసి, ముఖం ఆకారంలో చెక్కిన చెక్క మీద అంటించి, భుజాలూ కోటూ చెక్కి, బుగ్గలకీ పెదాలకీ రంగులద్ది, అద్దం ఫ్రేములో నిలబెట్టి పంపేవాళ్లు. సగం ఫొటో, సగం బొమ్మ. పూజాపీఠం లాంటి అలమరలో మేరీమాత పక్కన కొడుకు. పాత ఫొటో పట్టుకెళ్లి, ఎన్‌లార్జ్ చేసి, రంగులేయించి తెచ్చిచ్చే మనిషి మన ఊళ్లలో గుర్తున్నవాళ్లకి ఈ వ్యాపారం కొత్తగా అనిపించదు. నవంబరు మొదట్లో పెద్దల రోజుకి ఇంట్లో వేదిక కట్టి, బంతిపూలూ దీపాలూ, పోయినవాళ్లకి ఇష్టమైన తిండీ పెట్టినప్పుడు మధ్యలో ఉండేదీ ఫొటోయే.

1960ల చివర్లో కెమెరా చేతులు మారింది. మెక్సికన్ అమెరికన్ల హక్కుల కోసం నడిచిన చికానో ఉద్యమం ఊపు మీదుంది. అంతకుముందు తిట్టుగా వినిపించిన ‘చికానో’ అనే మాటని కుర్రకారు బిరుదులా పెట్టుకున్నారు. 1967లో లాస్ ఏంజెలెస్‌లో ఒక చర్చి బేస్‌మెంటులో ‘లా రాసా’ పత్రిక మొదలైంది. పదేళ్లలో వాళ్లు తీసిన ఫొటోలు పాతిక వేల దాకా ఉంటాయి. 1970 ఆగస్టు 29న వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా పెద్ద ఊరేగింపు జరిగింది, పోలీసులు విరుచుకుపడ్డారు. ఆ సాయంత్రం సిల్వర్ డాలర్ అనే బార్‌లో కూర్చున్న పాత్రికేయుడు రూబెన్ సలాజార్ తలకి షెరిఫ్ డెప్యూటీ పేల్చిన టియర్ గ్యాస్ గుండు తగిలి చనిపోయారు. లా రాసాకి చెందిన రౌల్ రుయీజ్ వీధికి అటుపక్క నిలబడి కెమెరా నొక్కుతూనే ఉన్నారు. బార్ గుమ్మం వైపు ఆయుధం ఎక్కుపెట్టిన డెప్యూటీ ఆ ఫొటోలో ఉన్నాడు. ఎవరి మీదా కేసు నడవలేదు, ఫొటో మాత్రం మిగిలింది.

రెండేళ్లకి ఇంకో తమాషా. లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంలో చికానోల కళాకృతులు ఎందుకు లేవని కళాకారుడు హ్యారీ గంబోవా అడిగితే, మీవాళ్లకి గోడల మీద రాతలే వచ్చన్నట్టు అక్కడి క్యూరేటర్ జవాబిచ్చాడట. ఆ రాత్రే గంబోవా, అతని ‘ఆస్కో’ కళాకారుల బృందం మ్యూజియం గోడ మీద తమ పేర్లు స్ప్రే చేశారు. పొద్దున్నే ఆ పేర్ల పైన బృందంలోని ప్యాట్సీ వాల్డెజ్‌ని నిలబెట్టి గంబోవా ఫొటో తీశారు. కాసేపటికే మ్యూజియం వాళ్లు సున్నం కొట్టేశారు. 2011లో అదే మ్యూజియం ఆస్కోకి పెద్ద ప్రదర్శన పెట్టింది.

ఉద్యమం ఫొటోల్లో పిడికిళ్లు ఎక్కువ, ఇంటి గడప తక్కువ. ఆడవాళ్లు ఆ లోటు పట్టుకున్నారు. సాన్ ఆంటోనియోలో కాతీ వర్గాస్ ఒక ఫొటో మీద ఇంకో ఫొటో పడేలా తీసి, చేత్తో రంగులద్ది, 1995లో ‘మై అలమో’ చేశారు. 1836లో మెక్సికో సైన్యంతో పోరు జరిగిన, టెక్సాస్ వీరగాథగా చెప్పుకునే అలమో కోట తనకెలా గుర్తుందో చెప్పే వరస అది. లారా అగిలార్ 1990లో ‘త్రీ ఈగిల్స్ ఫ్లయింగ్’ చేశారు. మూడు ఫొటోలు. ఒక వైపు అమెరికా జెండా, ఇంకో వైపు మెక్సికో జెండా, మధ్యలో తను. తల మీద కప్పుకున్నది మెక్సికో జెండా, దానిమీది గద్ద సరిగ్గా ముఖం దగ్గర. నడుముకి అమెరికా జెండా, ఒంటికి తాళ్లు. స్పానిష్‌లో గద్ద అంటే ‘ఆగిలా’, ఆమె ఇంటిపేరులోనే ఉంది. లెక్కేసుకోండి, మూడు గద్దలు సరిపోతాయి. ఒక్కటీ ఎగరడం లేదు. బతికుండగా ఆమెకి రావాల్సినంత పేరు రాలేదు. పెద్ద ప్రదర్శన 2017లో జరిగింది, మరుసటి ఏడాదే పోయారు.

1990ల్లో లాస్ ఏంజెలెస్ పబ్లిక్ లైబ్రరీ జనాన్ని ఆల్బమ్‌లు తెమ్మని పిలిచి, ఫొటోలకి కాపీలు తీసుకుని అసలువి తిరిగిచ్చేసింది. 2015లో గ్వాడలూప్ రొసాలెస్ అనే కళాకారిణి అదే పనికి ఇన్‌స్టాగ్రామ్ వాడుకున్నారు. తూర్పు లాస్ ఏంజెలెస్‌లో 1990ల కుర్రాళ్ల పార్టీలు, సన్నగా గీసిన కనుబొమ్మలు, ఎత్తుగా దువ్విన జుట్టు ఉన్న అమ్మాయిల ఫొటోలు పంపమన్నారు. టీవీ వార్తల్లో ఆ పిల్లలంతా గ్యాంగులే. వచ్చిపడిన ఫొటోల కింద కామెంట్లలో మాత్రం ‘ఇది మా అక్క’, ‘ఈ స్టూడియో మా వీధి చివర ఉండేది’.

మరీయా దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఆరో ఫొటో, 1950, సాన్ డియేగో. నలభై ఏళ్లు కొలరాడో, ఆరిజోనా, లాస్ ఏంజెలెస్ తిరిగి ఆమె చేరిన ఊరు అది. అక్కడి నుంచి మెక్సికో గీత కారులో అరగంట.