బీజింగ్ నుంచి బొటనవేలి సైగ దాకా

2020 ఏప్రిల్‌లో గృహహింసను ‘నీడ మహమ్మారి’గా ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం అభివర్ణించింది. లాక్‌డౌన్ వల్ల బాధితురాలు, ఆమెను హింసించేవాడు పగలూ రాత్రీ నాలుగు గోడల మధ్యే ఉండిపోయారు. హెల్ప్‌లైన్‌కు ఫోను చేద్దామంటే అతను పక్కనే ఉంటాడు. ఆమెను చేరడానికి మహిళా సంస్థలకు ఫోను తెరే ప్రధాన మార్గమైంది. అయితే ఆ మార్గం వారికి కొత్త కాదు.

1995 సెప్టెంబరులో బీజింగ్‌లో ప్రపంచ మహిళా సదస్సు జరిగింది. స్వచ్ఛంద సంస్థలకు మాత్రం నగరానికి దూరంగా ఉన్న హువైరౌలో చోటిచ్చారు. అక్కడ స్వచ్ఛంద సంస్థలకు ఇంటర్నెట్ అందించే అంతర్జాతీయ కూటమి అసోసియేషన్ ఫర్ ప్రోగ్రెసివ్ కమ్యూనికేషన్స్ తరఫున 24 దేశాలకు చెందిన సుమారు 40 మంది మహిళలు ఇంటర్నెట్ కేంద్రం నడిపారు. యంత్రాలు బిగించడం దగ్గర నుంచి ఈమెయిల్ పంపడం నేర్పే దాకా అన్నీ వారే చూసుకున్నారు. సదస్సుకు రాలేని సంఘాలకు చర్చల వివరాలు ఎప్పటికప్పుడు అందేవి. సోషల్ మీడియా రాకముందే దాని అవసరాన్ని కనిపెట్టింది ఈ మహిళలేనని నా నమ్మకం.

2012 జనవరి 31న మరో పరీక్ష ఎదురైంది. అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌పై పనిచేసే సుసాన్ జి. కోమెన్ సంస్థ, గర్భనిరోధం, గర్భస్రావం వంటి వైద్య సేవలందించే ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ సంస్థకు ఇచ్చే నిధులు ఆపేస్తోందన్న వార్త బయటికొచ్చింది. ట్విటర్, ఫేస్‌బుక్ నిరసనలతో హోరెత్తాయి. ఫిబ్రవరి 3న కోమెన్ ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఈలోగా ప్లాన్డ్ పేరెంట్‌హుడ్‌కు దాదాపు 30 లక్షల డాలర్ల విరాళాలు అందాయి. అంత త్వరగా స్పందించే మద్దతుదారులు ఒక్క రోజులో పుట్టుకురారు. ఏళ్ల తరబడి పెంచుకున్న బంధం ఆ మూడు రోజుల్లో అక్కరకొచ్చింది.

ప్రతిసారీ అంత తొందరగా ఫలితం రాదు. 2014 ఏప్రిల్‌లో నైజీరియాలోని చిబోక్‌లో బోకో హరామ్ ఉగ్రవాద ముఠా 276 మంది విద్యార్థినులను ఎత్తుకుపోయింది. ‘బ్రింగ్ బ్యాక్ అవర్ గర్ల్స్’ హ్యాష్‌ట్యాగ్ కొన్ని వారాల్లోనే ప్రపంచమంతా పాకింది. తరవాత లోకం దృష్టి మళ్లింది. నైజీరియా రాజధాని అబుజాలో ఆ ఉద్యమకారులు మాత్రం బైఠాయింపు కొనసాగించారు. 2016 అక్టోబరులో 21 మంది, 2017 మేలో 82 మంది విడుదలయ్యారు. కొందరి జాడ ఇప్పటికీ లేదు.

మళ్లీ 2020కి వద్దాం. అప్పటి దాకా ప్రచారమంటే వీలైనంత ఎక్కువ మందికి వినిపించేలా మాట్లాడటమే. ఇప్పుడు పెద్దగా మాట్లాడితే బాధితురాలికే ప్రమాదం. సందేశం పంపితే ఫోనులో మిగిలిపోతుంది, అతను చూస్తాడు. అందుకే కెనడియన్ విమెన్స్ ఫౌండేషన్ ఒక సైగను రూపొందించింది. అరచేతిని కెమెరా వైపు చూపాలి, బొటనవేలిని లోపలికి మడవాలి, మిగతా నాలుగు వేళ్లను దాని మీదికి ముడవాలి. వీడియో కాల్‌లో మాట్లాడుతూనే చేయవచ్చు, ఫోనులో ఆనవాలు మిగలదు. ఆ వీడియోలు దేశదేశాలకూ చేరాయి. 2021 నవంబరులో అమెరికాలోని కెంటకీలో కారులో వెళ్తున్న ఒక బాలిక ఈ సైగ చేసింది. వెనక వస్తున్న వాహనదారు గుర్తుపట్టి పోలీసులకు చెప్పడంతో ఆమె బయటపడింది.

సైగ నేర్పడంతో ఫౌండేషన్ తన పని అయిపోయిందనుకోలేదు. చూసినవారు ఏం చేయాలో కూడా నేర్పింది. కంగారుపడి నిలదీయకూడదు. వీలు చూసుకుని ఫోను చేసి, అవును, కాదు అని జవాబిచ్చేలా అడగాలి. పోలీసులను పిలవాలా, ఆశ్రయం చూడాలా అన్నది ఆమె ఇష్టానికే వదలాలి. ప్రాణాపాయం ఎదురుగా కనిపిస్తుంటే మాత్రం ఆగకుండా అత్యవసర సేవలకు ఫోను చేయాలి.