గుమ్మడికాయల దొంగ భుజాలు: మాస్ ఎఫెక్ట్ తుపాకీ గొడవ మొదలైందెక్కడ?

నవంబరు 7 వచ్చిందంటే చాలు, బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు పొడవునా ఏదో ఒక ఫ్లాట్లో ఈ పంచాయితీ మళ్లీ లేస్తుంది. మాస్ ఎఫెక్ట్ అనే అంతరిక్ష వీడియో గేమ్ అభిమానులకు అది 'ఎన్7 డే'. కొత్త ఆట తయారవుతోందని దాన్ని తయారుచేసే బయోవేర్ సంస్థ 2020లో చెప్పింది కూడా ఆ రోజునే. ఆట ఇంకా చేతికి రాలేదు కానీ గొడవ మాత్రం ఏడాది తప్పకుండా వస్తోంది. ఈసారి మారతహళ్లిలో ఒకే ఫ్లాట్లో ఉండే ఇద్దరు తెలుగు కుర్రాళ్లు రెండు రోజులు మాట్లాడుకోలేదట. ఒకడిది అనంతపురం, స్టూడియోలో తుపాకుల మోడల్స్ చేస్తాడు. ఇంకొకడిది ఒంగోలు, గేమ్‌ప్లే కోడ్ రాస్తాడు. ఆ సంగతి ఎడిటర్ గారి చెవిన పడింది. "పొద్దుటికల్లా నేపథ్యం పంపండి" అన్నారు. ఇది అలా ఒక్క రాత్రిలో రాసింది.

తగువు ఒక్కటే. రాబోయే ఆటలో తుపాకీ తనంతట తాను చల్లబడాలా, లేక వేడిని పీల్చుకునే చిన్న పెట్టెను, అంటే క్లిప్పును, తూటాల పెట్టెలా మార్చుకోవాలా? మొదటి పక్షాన్ని 'వేడి వాళ్లు' అనీ, రెండో పక్షాన్ని 'క్లిప్పుల వాళ్లు' అనీ పిలుచుకుందాం. కథానాయకుడు షెపర్డ్ ఎవరు, శత్రువులైన రీపర్లు ఎందుకొచ్చాయి, మూడో భాగం ముగింపు మీద జనం ఎంత మండిపడ్డారు అన్నవి ఆడినవాళ్లకు కంఠతా వచ్చు, ఆడనివాళ్లకు ఇక్కడ అక్కర్లేదు. నేరుగా ఏయా అనే గ్రహం మీదికి పోదాం. నా లెక్కలో గొడవ మొత్తం అక్కడే ఉంది.

2010 జనవరిలో వచ్చిన రెండో భాగంలో జేకబ్ టేలర్ అనే సహచరుడి కోసం చేసే మిషన్ ఒకటుంది. అతని తండ్రి ప్రయాణించిన హ్యూగో గెర్న్స్‌బ్యాక్ అనే ఓడ ఏయా మీద కూలిపోయింది. కథా కాలం ప్రకారం అది 2175. మనం అక్కడ అడుగుపెట్టేది 2185లో. పదేళ్లుగా బయటి ప్రపంచంతో సంబంధం లేదు. అక్కడి తిండి తిని మనుషులకు మతి చెడిపోయింది. చెప్పాలంటే ఆటలోని మంచి మిషన్లలో అదొకటి, జుగుప్స పుట్టించేంత బాగా రాశారు. అంతా బాగానే ఉంది. శత్రువును కాల్చి పడేశాక నేల మీద మెరుస్తూ కనిపించేదేమిటి? థర్మల్ క్లిప్పు. ఆ క్లిప్పులు సైన్యాల చేతికి వచ్చిందే గడిచిన రెండేళ్లలో అని అదే ఆటలోని కోడెక్స్, అంటే ఆ లోకం వివరాలు రాసిపెట్టిన పుస్తకం, చెబుతుంది. పదేళ్ల కిందట కూలిన ఓడలోకి రెండేళ్ల కిందటి సరుకు ఎలా చేరింది? కొరియర్ వెళ్లిందా?

ఇది చిల్లర తప్పు కదా, దీనికింత రాద్ధాంతం దేనికని అడగొచ్చు. మొదటి భాగం తుపాకీని ఎలా కట్టిందో చూస్తే ఎందుకో తెలుస్తుంది.

2007 నవంబరులో వచ్చిన మొదటి మాస్ ఎఫెక్ట్‌లో తుపాకీలో తూటాల పెట్టె ఉండదు. లోపల ఒక లోహపు దిమ్మ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా దాని నుంచి ఇసుక రేణువంత ముక్కను చెక్కి, విపరీతమైన వేగంతో బయటికి విసురుతుంది. ఒక్క దిమ్మతో వేల సార్లు కాల్చొచ్చు. కాబట్టి తూటాలు అయిపోవడమనే మాటే లేదు. అడ్డు ఒక్కటే, వేడి. ఆగకుండా కాలిస్తే తుపాకీ కాగిపోయి మొరాయిస్తుంది, చల్లబడేదాకా చేతులు కట్టుకుని దాక్కోవాల్సిందే.

ఈ వేడి లెక్క తుపాకీతో ఆగిపోలేదు, అందుకే వేడి వాళ్లు దాన్ని అంత గట్టిగా పట్టుకున్నారు. షెపర్డ్ ఓడ నార్మండీ శత్రువు కంటపడకుండా ఎలా తిరుగుతుంది? తన వేడిని బయటికి వదలకుండా లిథియం హీట్ సింకుల్లో దాచుకుంటుంది. ఎక్కువసేపు దాచితే లోపలి మనుషులే ఉడికిపోతారు. అంటే చేతిలో తుపాకీకీ, ఎక్కిన ఓడకీ ఒకటే ధర్మం: నువ్వు పుట్టించిన వేడిని నువ్వే భరించాలి. స్పేస్ ఆటల్లో సాధారణంగా ఓడది ఒక తీరు, తుపాకీది ఇంకో తీరు. ఇక్కడ రెండూ ఒకే సూత్రం మీద నడిచాయి. ఆ ప్రపంచాన్ని జనం నమ్మింది నీలం రంగు అప్సరసలను చూసి కాదు, ఇలాంటి లెక్కలు కుదిరాయని.

ఇంత చెప్పి రెండో పక్షం మాట చెప్పకపోతే అన్యాయం. మొదటి భాగంలో తుపాకీ కాల్చడం, నిజం చెప్పాలంటే, అంత గొప్పగా లేదు. వస్తువుల సంచిలో 150 దాకా సరుకు పట్టేది. నిండిందంటే ఒక్కోటీ కరిగించి ఆమ్నీ-జెల్ చేసుకుంటూ కూర్చోవడమే. పైగా ఆట చివరికొచ్చేసరికి మంచి తుపాకీకి ఫ్రిక్షన్‌లెస్ మెటీరియల్స్ అనే భాగాలు రెండు తగిలిస్తే అది ఇంచుమించు కాగేదే కాదు. ట్రిగ్గర్ మీద వేలు పెట్టి టీ తాగి రావచ్చు. ఏ వేడిని ఆ లోకానికి ధర్మమన్నారో, దాన్ని ఆటే చివర్లో ఎత్తేసింది. ఒంగోలు కుర్రాడి వాదన ఇదే: "వేడి వేడి అంటారు గానీ, ఇరవై గంటలు ఆడాక ఆ వేడి ఎక్కడుందన్నా?" సమాధానం చెప్పడం కష్టమే.

రెండో భాగానికి గేమ్‌ప్లే డిజైన్‌ను నడిపించిన క్రిస్టినా నార్మన్ 2010 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో చేసిన ప్రసంగం పేరే 'నా ఇన్వెంటరీ ఎక్కడికి పోయింది?' అనే ప్రశ్న. సంచి తీసేశారు, తుపాకుల సంఖ్య తగ్గించారు, వేడి పోయి క్లిప్పు వచ్చింది. క్లిప్పుకి డిజైనర్ దగ్గర కారణం ఉంది. క్లిప్పులు తరుగుతుంటే ఆటగాడు ఒక్క గోడ చాటునే కూర్చోడు, కింద పడినవి ఏరుకోవడానికి ముందుకొస్తాడు, ఒక తుపాకీ ఖాళీ అయితే ఇంకోటి తీస్తాడు. రీలోడ్ చప్పుడులోనే పోరాటానికి ఒక దరువు ఉంటుంది. అదే కాన్ఫరెన్స్‌లో హేలో అనే ఇంకో తుపాకుల ఆట డిజైనర్ జేమీ గ్రీస్‌మర్ ఇంకో ప్రసంగం చేశాడు. హేలో 3లో స్నైపర్ రైఫిల్ రెండు తూటాల మధ్య వ్యవధిని 0.5 సెకన్ల నుంచి 0.7 సెకన్లకు మార్చడం గురించి, కేవలం దాని గురించే. ఒక అంకె కోసం అంతసేపు మాట్లాడే మనుషులు కథ ఏమంటుందో చూసి తుపాకీ తిప్పరు, చేతికి ఎలా అనిపిస్తోందో చూసి తిప్పుతారు. అది వాళ్ల పని, అందులో తప్పులేదు.

మరి తప్పు ఎక్కడ జరిగింది? కోడెక్స్‌లో.

తుపాకీ మార్చి ఊరుకోలేదు, ఎందుకు మారిందో కథలో రాశారు. కైనెటిక్ కవచాలున్న కాలంలో ఎవరు తక్కువ సమయంలో ఎక్కువ తూటాలు దింపితే వాళ్లదే గెలుపని, అందుకే వేడిని మోసుకుని బయటికి ఊడిపోయే హీట్ సింకును ముందు గెత్ అనే మరమనుషులు వాడాయని, వాటిని చూసి మిగతా సైన్యాలూ అందుకున్నాయని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. మౌనంగా ఉంటే సగం మంది "ఆటన్నాక మార్పులుంటాయి" అని సరిపెట్టుకునేవారు. కారణం చెప్పగానే దానికో తేదీ పుట్టింది. తేదీ పుట్టాక అంతకుముందువన్నీ సాక్ష్యాలైపోయాయి. ఏయా మీది క్లిప్పు నిన్నటిదాకా వట్టి బొమ్మ, ఈ మాట రాసిన క్షణం నుంచి అబద్ధం.

హేలోనే చూడండి. 2001 నాటి మొదటి ఆటలో ఎం6డీ పిస్టల్ ఉండేది. దూరదర్శినితో, మూడు దెబ్బల్లో మనిషిని కూల్చేంత బలంతో. చివరి నిమిషంలో ఆ ఆట బృందంలోని జేసన్ జోన్స్ కోడ్‌లో ఒక్క అంకె మార్చడం వల్ల అది అంత బలంగా తయారైందని గ్రీస్‌మర్ తర్వాత చెప్పాడు. 2004లో హేలో 2 వచ్చేసరికి దాని చోట ఎం6సీ, దూరదర్శిని లేదు, ఆ దెబ్బా లేదు. జనం తిట్టుకున్నారు, ఇప్పటికీ తిట్టుకుంటున్నారు, కానీ తిట్టింది డిజైన్‌ను. అక్షరం మారింది, వేరే మోడల్ అనుకున్నారు, లోకం చెక్కుచెదరలేదు.

మాస్ ఎఫెక్ట్ 2 మొదట్లోనే ఇంకో వింత ఉంది. షెపర్డ్ చచ్చిపోయి రెండేళ్లు బల్ల మీద ఉంటాడు. లేపుతారు. చేతికి పిస్టల్ దొరుకుతుంది. వెంటనే ఇందులో థర్మల్ క్లిప్పు లేదేంటని అడుగుతాడు! తను చనిపోయాక వచ్చిన సరుకు పేరు శవానికి ఎవరు చెప్పారు? అనంతపురం కుర్రాడు ఈ సీన్ చెప్పినప్పుడల్లా, మా ఊళ్లో ఆరు నెలలు దుబాయ్ వెళ్లొచ్చినవాడికే కొత్త రీచార్జి ప్లాను తెలియదన్నా అంటాడు.

ఆపైన ఇంకోటి. ఈ క్లిప్పులు అన్ని తుపాకులకూ ఒకటేనని చెప్పారు. కానీ ఆడుతుంటే స్నైపర్ ఖాళీ అయితే ఖాళీయే, పక్కనున్న పిస్టల్లో బోలెడు ఉన్నా తీసి ఇందులో పెట్టలేం. మ్యాంటిస్ అనే స్నైపర్‌కైతే ఒక్క దెబ్బకో క్లిప్పు. తమాషా ఏమిటంటే ఇదే ఆటలో సిటడెల్ అనే అంతరిక్ష నగరం మీద ఒక సార్జెంటు కుర్ర సైనికులకు న్యూటన్ సూత్రాల క్లాసు పీకుతాడు. 20 కిలోల ఇనుప గుండు, కాంతి వేగంలో 1.3 శాతం, గురి చూడకుండా వదిలితే ఎప్పుడో ఎవరి కొంపో ముంచుతుందని. ఆ సీన్ అభిమానులకు ప్రాణం. భౌతికశాస్త్రం మీద అంత మక్కువ ఉన్న రచయితలకు చేతిలోని తుపాకీ మీద ఎందుకు లేకపోయింది?

నాకు తోచిన జవాబు బెంగళూరులో ఉంటే త్వరగా అర్థమవుతుంది. ఈ ఊరు ఆటల తయారీకి పాతకాపే. రాజేశ్ రావు ధ్రువ ఇంటరాక్టివ్ పెట్టింది 1997లో, దాన్ని రాక్‌స్టార్ 2019లో 79 లక్షల డాలర్లకు కొనుక్కుంది. ప్రపంచంలో ఎక్కడో తయారయ్యే ఆటలకు కార్లు, కుర్చీలు, తుపాకులు ఇక్కడ చెక్కుతుంటారు. మాస్ ఎఫెక్ట్ క్లిప్పులు ఇక్కడ చేశారని నేననడం లేదు. పని తీరు మాత్రం ఎక్కడైనా ఒకటే. "మాకొచ్చే షీట్‌లో ఏముంటుందో తెలుసా అన్నా? ట్రయాంగిల్స్ ఎన్ని, టెక్స్చర్ సైజు ఎంత, ఎన్ని ఎల్ఓడీలు (దూరాన్ని బట్టి మార్చే రూపాలు), డెడ్‌లైన్ ఎప్పుడు. ఈ తుపాకీ ఏ సంవత్సరంలో పుట్టిందని ఒక్క కాలమ్ ఉండదు" అన్నాడు అనంతపురం కుర్రాడు. కోడెక్స్ రాసేవాడు ఒక గదిలో, లెవెల్ నింపేవాడు ఇంకో గదిలో. లెవెల్ నింపేవాడు చూసేది ఒక్కటే: ఈ గదిలో ఆటగాడికి తూటాలు సరిపోతాయా లేదా. చాలకపోతే ఇంకో రెండు క్లిప్పులు పడేస్తాడు. అతనికి ఏయా అయినా ఒకటే, సిటడెల్ అయినా ఒకటే. మొదటి భాగంలో ఈ చిక్కే రాలేదు, ఎందుకంటే వేడిని ఎవరూ నేల మీద పడేయక్కర్లేదు.

తర్వాత జరిగినవి గబగబా. 2013 మార్చిలో మూడో భాగానికి వచ్చిన సిటడెల్ అనే అదనపు కథలో మొదటి భాగం నాటి ఎం-7 ల్యాన్సర్ తుపాకీ మళ్లీ కనబడింది, పాత పద్ధతిలోనే క్లిప్పుల్లేకుండా తనంతట తాను చల్లబడుతూ. అభిమానులకిచ్చిన తాంబూలం అది. వేడి వాళ్లు దాన్ని ఒప్పుకోలు పత్రంలా చూస్తారు. 2017లో ఆండ్రోమెడా అనే నాలుగో ఆట వచ్చింది. 2185లో బయల్దేరి 634 ఏళ్లు నిద్రపోయి వేరే గెలాక్సీలో లేస్తారు, అక్కడ కెట్ అనే గ్రహాంతరవాసుల శిబిరాల్లో కూడా మన క్లిప్పులే దొరుకుతాయి. ఏయా తప్పును ఇరవై అయిదు లక్షల కాంతి సంవత్సరాలు మోసుకెళ్లారన్నమాట. అయితే అందులోనే 'వింటేజ్ హీట్ సింక్' అనే భాగం తగిలిస్తే తుపాకీ పాత పద్ధతికి మారుతుంది. నాకు నచ్చింది అదే. ఏది నిజమని వాదించకుండా రెండూ ఉండనిచ్చారు. 2021 మే 14న, మూడు భాగాలనూ కలిపి మెరుగుపరిచి తెచ్చిన లెజెండరీ ఎడిషన్‌లో మొదటి భాగాన్ని చాలా సవరించారు. తుపాకీ గురి బాగుచేశారు, చల్లబడే తీరు సరిచేశారు, ఏ తరగతి (క్లాస్) పాత్ర అయినా ఏ తుపాకీ అయినా పట్టొచ్చన్నారు. క్లిప్పు మాత్రం పెట్టలేదు. కొత్తగా ఆడేవాళ్లు మొదటి భాగం ముగించి రెండోది మొదలుపెట్టిన సాయంత్రమే ఆ శవం ప్రశ్న అడుగుతున్నారు. గొడవ ఏటా కొత్త రక్తంతో లేవడానికి ఇదే అసలు కారణమని నా అనుమానం.

మారతహళ్లి ఫ్లాట్లో ఇప్పటి పరిస్థితి. ఒంగోలు కుర్రాడు మెత్తబడలేదు. "రీలోడ్ తీసేస్తే ఆట చప్పబడుతుంది, కథ కోసం ఆటని పాడు చేసుకుంటామా" అంటాడు. అతనికి ఎదురు చెప్పలేను. అనంతపురం వాడు అడిగేది కూడా క్లిప్పు తీసేయమని కాదట. "పెట్టుకోండన్నా. ఎందుకు పెట్టారో మాత్రం చెప్పకండి. చెబితే మాత్రం ఆ మాట మా షీట్‌లో కూడా రాయండి." ఇప్పుడు నువ్వేం చేస్తున్నావురా, ఏ ఆటకి అని అడిగాను. ఎన్డీఏ అన్నా, బయటికి చెప్పొద్దన్న ఒప్పందం, అని నవ్వాడు. ల్యాప్‌టాప్ సగం మూశాడు గానీ స్క్రీన్ మీద ఒక చిన్న పెట్టె గుండ్రంగా తిరుగుతూ కనిపించింది, తూటాలు పెట్టుకునేదానిలాగే.