ఎర్రచందనం వాటా సొమ్ము: 2014లో మారిన లెక్క

చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ 2025లో ఆంధ్ర ఎర్రచందనం రైతులకు అమ్మకం సొమ్ములోంచి రావలసిన ప్రయోజన వాటా విడుదల చేయడంతో, ఇది మందుల చెట్టా, కలపా అన్న పాత తగువు మళ్ళీ లేచింది. చిత్తూరు, నెల్లూరు పల్లెల్లో భూములుండి చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది సొంత విషయం. శేషాచలం దొంగరవాణా, చెన్నై రేవులో పట్టుబడిన దుంగల సంగతి అందరికీ తెలిసిందే.

అసలు మలుపు 2014 నాటి ప్రయోజన పంపిణీ మార్గదర్శకాలు. చందనాన్ని, ఎర్రచందనాన్ని అవి 'అధిక ఆర్థిక విలువ' గల వనరులుగా విడదీశాయి. వేలం లేదా అమ్మకం సొమ్ములో కనీసం 5 శాతం కొనేవారు ముందే కట్టాలన్నాయి. మందుల చెట్టు ఆ రోజుతో ఖరీదైన కలపగా మాత్రమే మిగిలింది.

ఆయుర్వేదానికి కావలసింది దాని చేవ. అసలు చందనంలా పరిమళించదు. సానరాయి మీద నీళ్లతో అరగదీసి వాపులకు, తలనొప్పికి, చర్మపు మంటకు పట్టు వేస్తారు. పిత్తాన్ని, రక్తదోషాన్ని శమింపజేసే శీతల ద్రవ్యమని వైద్యుల మాట. కుంకుమాది తైలంలోనూ పడుతుంది. చెన్నై ఇళ్లలో దసరా కొలువులో నిలిపే మరపాచి బొమ్మలూ సంప్రదాయంగా ఈ చెక్కవే. ఇంతటి వాడకానికి చిన్న ముక్క చాలు. దుంగల గిరాకీ చైనా ఖరీదైన సామానుది, జపాన్ షామిసెన్ వాద్యానిది. అయినా అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందపు ఆంక్షలు దుంగలతో పాటు పొడికి, సారానికి కూడా వర్తిస్తాయి.

అడవి దుంగ, పొలం దుంగ చూపుకు ఒకటే కాబట్టి అనుమతులు తప్పవని అటవీ అధికారులంటారు. అందులో నిజముంది. కానీ చేవ పట్టడానికి దశాబ్దాలు కాపలా కాసిన రైతు, నరకడానికీ తరలించడానికీ మళ్ళీ కాగితాల కోసం తిరగాలి. 2014 మార్గదర్శకాల ప్రకారం వసూలైన వాటాలో 5 శాతం జీవవైవిధ్య సంస్థకు పోయేది. మిగతాది హక్కుదారుకు చేరాలి, అతడెవరో తేలితేనే. తేలకపోతే సంరక్షణ పనులకు పోతుంది.

2023 చట్ట సవరణ సాగుచేసిన ఔషధ మొక్కలకు ఈ వాటా నుంచి మినహాయింపు ఇచ్చింది, మొక్క ఎక్కడ పెరిగిందో చెప్పే మూల ధ్రువపత్రం ఉండాలన్న షరతుతో. వైద్యులు తరతరాలుగా వాడుతున్న ఎర్రచందనాన్ని పొలంలో పెంచితే ఔషధ మొక్క కాదనడం న్యాయం కాదు. ధ్రువపత్రం ఇవ్వవలసింది స్థానిక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ. సర్వే నంబరుతో, చెట్ల లెక్కతో ఆ పత్రం నాటిన నాడే రైతు చేతికి రావాలి, కోత నాటికి కాదు.